పెద్దమనిషి వచ్చి చేతులు సర్దుతాడు: ‘పీనా’ చిత్రం, దాని డిస్క్‌పై సమీక్ష

స్త్రీలపై జరిగే హింసను నాట్యంలో చెప్పి, ఆ నాట్యాన్ని తెరకెక్కించిన చిత్రాల ప్రస్తావన వస్తే జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ తీసిన ‘పీనా’ను చెప్పుకోక తప్పదు, అయితే ఆ చిత్రం తనను తాను ఎక్కడా అలా పరిచయం చేసుకోదు. 2011 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శించిన ఈ జర్మన్ డాక్యుమెంటరీ, పైకి చూస్తే, కన్నుమూసిన ఒక నృత్యదర్శకురాలికి ఆమె మిత్రుడూ, ఆమె బృందంలోని నర్తకులూ కలిసి అర్పించిన నివాళి. కాని ఆ నివాళికి వెన్నెముకగా నిలిచిన నాలుగు నృత్యనాటకాల్లో మూడు ఆడదానికీ మగవాడికీ మధ్య బలప్రయోగం ఎలా మొదలవుతుంది, ఎలా అలవాటుగా మారుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు దానిని ఎలా నిలబెడతారు అన్న ప్రశ్నలను వదలకుండా పట్టుకున్నవే. మహిళా సంఘాల సమావేశాల్లోనో కళాశాలల్లోనో చూపించి చర్చ పెట్టడానికి చిత్రాలు వెతుక్కునేవారికి ఈ డిస్క్ ఎంతవరకు అక్కరకొస్తుందో చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

ఆ నృత్యదర్శకురాలు పీనా బౌష్ 1940లో జర్మనీలోని జోలింగెన్‌లో పుట్టారు. ఎసెన్‌లోని ఫోక్‌వాంగ్ పాఠశాలలో నృత్యదర్శకుడు కుర్ట్ యోస్ వద్ద, ఆ తరువాత న్యూయార్క్‌లోని జూలియార్డ్ కళల పాఠశాలలో చదువుకుని, 1973లో వుప్పర్టాల్ నగర బాలే బృందం బాధ్యత స్వీకరించారు. హంసల్లా తేలిపోయే నర్తకీమణులను చూడాలని టికెట్టు కొన్నవారికి అక్కడ చెమట, మట్టి, ఎగశ్వాస, పడి లేచే ఆడవాళ్లు ఎదురయ్యేసరికి, తొలి ఏళ్లలో చాలామంది మధ్యలోనే లేచి తలుపు విసురుగా మూసి వెళ్లిపోయేవారు. వెండర్స్ 1985లో ఆమె పనిని మొదటిసారి చూసి చలించిపోయారు. కలిసి ఒక చిత్రం చేద్దామన్న మాట ఇద్దరి మధ్యా ఇరవై ఏళ్లకు పైగా నానింది. తీరా ఏర్పాట్లన్నీ పూర్తయ్యాక, 2009 జూన్ 30న, క్యాన్సర్ అని తెలిసిన అయిదు రోజులకే ఆమె మరణించారు. మానుకుందామనుకున్న దర్శకుడిని నర్తకులే ముందుకు నడిపించారు. చిత్రానికున్న బలమూ, నా దృష్టిలో దానికున్న అసలు లోపమూ ఇక్కడి నుంచే మొదలవుతాయి. బౌష్ మన దేశానికి కొత్త కాదు: జర్మన్ సాంస్కృతిక సంస్థ గ్యోథె ఇన్‌స్టిట్యూట్ సహకారంతో ఇక్కడ తిరిగి, 2007లో ‘బాంబూ బ్లూస్’ అనే నాటకాన్ని రూపొందించారు.

చిత్రంలో నేను పదే పదే వెనక్కి తిప్పి చూసే ఘట్టం ‘కాఫే ముల్లర్’ లోది. బౌష్ 1978లో చేసిన ఈ నాటకంలో వేదిక నిండా ఖాళీ బల్లలు, కుర్చీలు ఉంటాయి. పలచని తెల్లటి గౌను వేసుకున్న స్త్రీ కళ్లు మూసుకుని నడుస్తుంటే, ఆమె తగిలి పడిపోకుండా ఒక మగవాడు ఆత్రంగా దారిలోని కుర్చీలు లాగి పడేస్తుంటాడు. ఆమె ఒక పురుషుడిని చేరుకుని గట్టిగా హత్తుకుంటుంది. ఇద్దరూ అలా కదలకుండా నిలబడి ఉండగా సూటు వేసుకున్న ఇంకొకాయన నింపాదిగా వచ్చి, వాళ్ల చేతులను ఒక్కొక్కటిగా విడదీసి, ముఖాలను దగ్గరకు చేర్చి పెదవులు కలిపి, ఆమె చేతిని అతని మెడ చుట్టూ వేసి, అతని రెండు చేతులనూ మోచేతి దగ్గర వంచి, ఆమెను ఎత్తి ఆ చేతుల్లో పెట్టి వెళ్లిపోతాడు. పెళ్లి ఫొటోలో వరుడు వధువును ఎత్తుకున్నట్టు ఉంటుంది ఆ భంగిమ. ఒక్క క్షణం. తరువాత ఆ పురుషుడి చేతులు మెల్లగా దిగజారతాయి, ఆమె దబ్బున నేల మీద పడుతుంది. పడిన మరుక్షణమే చివాలున లేచి మళ్లీ అతన్నే హత్తుకుంటుంది. సూటాయన వెనక్కి తిరిగి వస్తాడు. మళ్లీ చేతులు విడదీయడం, పెదవులు కలపడం, ఎత్తి పెట్టడం, ఆమె పడటం. ప్రతిసారీ వేగం పెరుగుతుంది. కొంతసేపటికి ఆయన రావలసిన అవసరమే ఉండదు. ఎవరూ చెప్పకుండా ఆ ఇద్దరే వరసగా అన్నీ చేసుకుపోతుంటారు, ఆమె పడుతూ లేస్తూ ఉంటుంది.

ఈ మొత్తంలో ఎవరూ ఎవరినీ కొట్టరు. పురుషుడి ముఖంలో కోపం లేదు, సూటాయన ముఖంలో క్రూరత్వం లేదు, పైగా ఆయన తీరు పనిమంతుడి తీరు. అయినా ఇంట్లో జరిగే హింస గురించి నేను చూసిన చిత్రాల్లో ఇంత కచ్చితంగా చెప్పినవి తక్కువ. హనుమకొండలో ఒక కళాశాల విద్యార్థినులకు ఈ భాగం చూపించి, ఆ మూడో మనిషి ఎవరని అడిగినప్పుడు వచ్చిన జవాబులు ఏ జర్మన్ విమర్శకుడికీ తట్టనివి. ఒకమ్మాయి ‘మేనమామ’ అన్నది. మరో అమ్మాయి ‘పంచాయితీలో కూర్చునే పెద్దమనిషి’ అన్నది. వెనక వరసలోంచి ఒకరు ‘కౌన్సెలింగ్ సారు’ అనగానే అందరూ నవ్వారు, కాని ఆ మాట కాదనడానికి ఎవరూ ముందుకు రాలేదు. ‘సర్దుకుపోవాలమ్మా’ అని చెప్పి పుట్టింటి నుంచి తీసుకెళ్లి దిగబెట్టి వచ్చే పెద్దల పని అచ్చంగా ఇదే కదా: చేతులు సర్దుతారు, చక్కటి భంగిమలో నిలబెడతారు, వెనుదిరుగుతారు, ఆమె పడిన చప్పుడు వినేసరికి వీధి మలుపు కూడా దాటి ఉండరు. మళ్లీ వస్తారు, మళ్లీ అదే చేస్తారు. ఆ మనిషి వెళ్లిపోయాక కూడా ఆ ఇద్దరూ ఆ వరసను వదలకపోవడం ఈ రచనలోని అసలు దెబ్బ. సినిమా భాషలో ‘విలన్’ అని వేలెత్తి చూపించడానికి ఒక్కరూ దొరకని చోట హింస ఎలా సాగుతుందో ఇక్కడ కనబడినంత తేటగా, ఎంత మంచి సంభాషణ రాసినా కనబడదని నా నమ్మకం.

ఇక్కడ కెమెరా చేసిన మేలు కూడా చెప్పాలి. నాటకశాలలో దూరంగా కూర్చున్న ప్రేక్షకుడికి ఆమె పడటం కనబడుతుంది. తెర మీద ఆమె ఊపిరి వినబడుతుంది. గౌను మడతల్లో చిక్కుకున్న వేళ్లు, పైకి లేచేటప్పుడు మోకాలు నేలకు తగిలే చప్పుడు, సూటాయన ఆమె మణికట్టును పట్టుకునే తీరులోని అతి మర్యాద, ఇవి దగ్గరి నుంచి చూస్తేనే అందే విషయాలు. వెండర్స్ ఈ ఘట్టంలో తొందరపడకుండా, దెబ్బ తగిలిన చోటికల్లా ఎగబడకుండా, ఆ ముగ్గురినీ నిలువెత్తునా చూపిస్తూ నిలబడ్డారు. శరీరాన్ని ముక్కలుగా కోసి చూపించకపోవడం వల్లనే పడేది ఒక మనిషి అన్న స్పృహ మనకు చెదరదు.

రెండోది ‘వసంతారాధన’. రష్యన్ సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ 1913 నాటి సంగీతానికి బౌష్ 1975లో చేసిన రూపకల్పన ఇది. ఊరు బాగుండటానికి ఒక కన్య ఆడి ఆడి చచ్చిపోవాలి అన్నది కథ. వేదికంతా మట్టి పరచి ఉంటుంది. పని మనుషులు ఆ మట్టిని డబ్బాలలో తెచ్చి కుమ్మరించి సర్దడం కూడా చిత్రం చూపిస్తుంది. ఆ మట్టిలో ఒక ఎర్రటి గుడ్డ పడి ఉంటుంది. ఆడవాళ్లందరూ లేత రంగు గౌన్లలో ఒకరినొకరు ఆనుకుని వణుకుతూ ఆ గుడ్డను ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తోసేసుకుంటారు. అది ఎవరి చేతిలో నిలిస్తే ఆమె బలి. ఒక్కొక్కరు దానిని పట్టుకుని ఎదురుగా నిలబడిన పురుషుడి వైపు నాలుగడుగులు వేయడం, భయపడి వెనక్కి పరుగెత్తి గుంపులో దూరడం, గుంపు ఆమెను దాచుకున్నట్టే దాచుకుని తిరిగి బయటికి నెట్టడం: ‘నేను కాకపోతే చాలు’ అన్న ఆలోచన ఆడవాళ్ల మధ్యనే ఎలా పనిచేస్తుందో ఇంత నిర్మొహమాటంగా చెప్పిన రచన అరుదు. బలి ఎవరో తేలాక మిగిలినవారి భుజాలు ఒక్కసారి దిగుతాయి చూడండి, మొత్తం రచనలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే.

మన తెలుగు ప్రేక్షకులకు ఈ నృత్యాలు ఇంకో కారణం చేత దగ్గరవుతాయి. ఒక అమ్మాయి చుట్టూ పదిమంది మగవాళ్లు వలయం కట్టడం, ఆమె తప్పించుకోబోతే దారి కట్టడం, చేయి పట్టి లాగడం, ఇవన్నీ మనం చిన్నప్పటి నుంచి తెర మీద పాటలుగా చూస్తూ పెరిగినవే. కదలికలు దాదాపు అవే. తేడా అంతా కెమెరా ఎవరి పక్కన నిలబడింది, సంగీతం ఎవరి సంతోషాన్ని చెబుతోంది, చివర్లో ఆమె నవ్విందా లేదా అన్న దానిలో ఉంది. మన పాటలో ఆమె చివర్లో నవ్వుతుంది, ఎందుకంటే ఆమె నవ్వకపోతే అది పాట కాకుండా పోతుంది. బౌష్ ఆ నవ్వును తీసేసి, అదే కదలికను మూడుసార్లకు బదులు ముప్పైసార్లు చేయిస్తారు. శాస్త్రీయ నాట్యం సంగతికి వస్తే, మన అష్టవిధ నాయికల్లో అలిగిన ఆమెకూ, మోసపోయిన ఆమెకూ, ఎదురుచూసే ఆమెకూ చోటుంది. దెబ్బలు తిన్న ఆమెకు పేరు లేదు. ఇది కూచిపూడి నేర్చుకునే పిల్లలతో మాట్లాడదగిన విషయం, ఈ డిస్క్ అందుకు మంచి సాకు.

ఇక లోపాలు. మొదటిది, చిత్రంలో ఒక్క విమర్శ మాట కూడా లేకపోవడం. నర్తకులు ఒక్కొక్కరు కెమెరా ఎదుట మౌనంగా కూర్చుంటే, వెనక నుంచి వారి గొంతు పీనాను తలుచుకుంటుంది. ఆ తలపులన్నీ భక్తితో నిండినవే. ఆమె ఆడవాళ్లను అన్నిసార్లు ఎందుకు పడగొట్టారు, ఆ పడటం రోజూ సాధన చేసిన శరీరాలకు ఏమనిపించింది అని ఎవరూ అడగరు. 1984లో ఆమె బృందం అమెరికాలో ప్రదర్శనలు ఇచ్చినప్పుడు, ఇది హింసను ఖండించడమా లేక హింసను చూపి ప్రేక్షకుడిని కట్టిపడేయడమా అన్న వాదన గట్టిగానే నడిచింది. నాకు ఆ ఆరోపణతో ఏకీభావం లేదు, కాని ఆ ప్రశ్న న్యాయమైనదే. హింస మీద పనిచేసే ఎవరికైనా మొదట ఎదురయ్యేది ఆ ప్రశ్నే. దానిని తలుపు బయటే నిలబెట్టేసిన చిత్రం అంతమేరకు బలహీనపడింది. సంతాప సభలో ఇలాంటివి అడగరు, నిజమే. అయితే తెర మీదికి వచ్చాక అది సంతాప సభగా మిగలదు.

రెండోది కత్తిరింపు. ‘కొంటాక్ట్‌హోఫ్’ అనే మూడో నాటకం వేదికపై సుమారు మూడు గంటలు నడుస్తుంది. ఒక నృత్యశాలలో ఆడా మగా సంతలో పశువుల్లా ముందుకు వచ్చి చేతులు, పళ్లు, జుట్టు, పక్కవాటం చూపించి వెనక్కి వెళతారు. ఇదే నాటకాన్ని బౌష్ 2000లో అరవై అయిదు దాటిన మామూలు పౌరులతోనూ, 2008లో పద్నాలుగేళ్లు దాటిన పిల్లలతోనూ చేయించారు. వెండర్స్ మూడు తరాలనూ ఒకే వరసలో కలిపి కూర్చారు, పళ్లు చూపించే చేష్ట యువతి దగ్గర మొదలై ముసలమ్మ దగ్గర పూర్తవుతుంది. చూడముచ్చటైన కూర్పు అది, అందులో అనుమానం లేదు. ముచ్చటగా ఉండటమే చిక్కు. ఆ నాటకంలో ఒకే స్త్రీని చాలామంది మగవాళ్లు చుట్టుముట్టి, మొదట ఓదారుస్తున్నట్టు తాకి, ఆ తాకడం క్రమంగా గిచ్చడంగా, లాగడంగా మారిపోయే ఘట్టం చాలా ప్రసిద్ధం. ఓదార్పు ఏ క్షణంలో దౌర్జన్యం అయిందో చూసేవాడు పట్టుకోలేకపోవడమే దాని పట్టు, అందుకు ఘట్టం ఎడతెగకుండా సాగాలి. ఇంత వేగంగా నాటకం నుంచి నాటకానికి గెంతే చిత్రంలో అలాంటి పట్టు కుదరదు. పైగా ఏ ముక్క ఏ నాటకంలోదో, ఏ సంవత్సరానిదో కొత్త ప్రేక్షకుడికి చెప్పే ఏర్పాటు చిత్రంలో దాదాపు లేదు.

చిన్న ముక్కలన్నీ వృథా అని నేను అనను. కర్మాగారం ముందు ఒక నర్తకి పచ్చి దూడ మాంసాన్ని కెమెరాకు చూపి, దానిని బాలే బూట్ల ముందుభాగంలో కుక్కి, ఆ బూట్లు కట్టుకుని కాలివేళ్ల మీద లేచి ఆడుతుంది. బాలే ఆడపిల్లల పాదాలతో చేసే పనిని అంతకంటే క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు. మరోచోట తాడుతో కట్టిన స్త్రీ పరుగెత్తి, తాడు బిగిసేసరికి వెనక్కి వచ్చి, మళ్లీ పరుగెత్తుతుంది. ఇలాంటివి ఒక నిమిషంలో పని పూర్తిచేస్తాయి. నగరం మీదుగా వేలాడుతూ పోయే రైలు కింద, కూడళ్లలో, కొలనుల ఒడ్డున తీసిన ఒంటరి నృత్యాల్లో కొన్ని మాత్రం పర్యాటక శాఖ క్యాలెండర్ మాదిరిగా తోచాయి.

‘వసంతారాధన’ను ముక్కలుగా కాక మొత్తంగా చూడదలచినవారు ఇంకో చిత్రం గురించి తెలుసుకోవాలి. సెనెగల్‌లో జెర్మేన్ అకోనీ స్థాపించిన ఎకోల్ దే సాబ్ల్ అనే నృత్యపాఠశాలలో, 14 ఆఫ్రికా దేశాలకు చెందిన 38 మంది నర్తకులు ఈ నృత్యాన్ని నేర్చుకున్నారు. 2020 మార్చిలో డకార్‌లో తొలి ప్రదర్శన జరగవలసి ఉండగా కోవిడ్ వచ్చి అంతా ఆగిపోయింది. ఎవరి దేశాలకు వాళ్లు వెళ్లిపోయే ముందు తూబాబ్ డియాలా సముద్రతీరంలో, పొద్దుగూకే వేళ, ఇసుక మీద చివరి సాధన చేశారు. ఫ్లోరియన్ హైన్‌జెన్-జియోబ్ దానిని చిత్రీకరించారు. 2020 జూలైలో ‘డాన్సింగ్ ఎట్ డస్క్’ పేరుతో దానిని ఆన్‌లైన్‌లో చూపారు. వెండర్స్ చిత్రంలోని సాంకేతిక వైభవం ఇందులో లేదు, ఉండాలన్న ప్రయత్నమూ లేదు. ఒకే నృత్యం, ఒకే తీరం, దాదాపు ముప్పై అయిదు నిమిషాలు. మట్టి బదులు ఇసుక కాబట్టి కాళ్లు ఇంకా లోతుగా దిగుతాయి, అలసట ఇంకా తొందరగా వస్తుంది, బలికి ఎంపికైన అమ్మాయి చివరి నృత్యం నటన అన్న సంగతి చూసేవారు మరిచిపోతారు. హింసను చెప్పడం అన్న ఒక్క కొలమానంతో చూస్తే నా ఓటు ఈ రెండోదానికే పడుతుంది. చర్చ కోసం అయితే ‘కాఫే ముల్లర్’ ఉన్నందున మొదటిదానికి.

డిస్క్ విషయం. అమెరికాలో క్రైటీరియన్ సంస్థ 2013లో విడుదల చేసిన బ్లూరే ముద్రణలో త్రీడీ రూపమూ, మామూలు రూపమూ రెండూ ఉన్నాయి. దర్శకుడి వ్యాఖ్యానం, చిత్రనిర్మాణంపై డాక్యుమెంటరీ, తొలగించిన దృశ్యాలు అదనం. తొలగించిన దృశ్యాలను తప్పక చూడండి, చర్చకు ఉపయోగపడే సరుకు అక్కడా దొరుకుతుంది. అమెరికాలో ఉన్న మనవారికి ఇబ్బంది లేదు కాని, బ్లూరే డిస్క్‌లకు ప్రపంచాన్ని ఎ, బి, సి ప్రాంతాలుగా విభజించారు, ఆ డిస్క్ ‘ఎ’ ప్రాంతానికి పరిమితం. మన దేశం ‘సి’ ప్రాంతంలోకి వస్తుంది కనుక, అన్ని ప్రాంతాల డిస్క్‌లనూ ఆడించే ప్లేయర్ లేకపోతే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అది పనిచేయదు. కొనే ముందు అట్ట వెనక చూసుకోవాలి. త్రీడీ టీవీలు ఇప్పుడు మార్కెట్లో కొత్తవి దొరకడం లేదు కాబట్టి ఆ రూపం దాదాపు అలంకారమే. మామూలు రూపంలో చూసినా ‘కాఫే ముల్లర్’ బలం ఏమీ తగ్గలేదు, ‘వసంతారాధన’లో మాత్రం గుంపు లోతు కొంత చదునవుతుంది. నర్తకులు జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, కొరియన్ తదితర భాషల్లో ఎవరి భాషలో వారు మాట్లాడతారు. తెలుగు ఉపశీర్షికలు లేవు, ఇంగ్లిష్‌వి ఉన్నాయి. అయితే నృత్య భాగాలకు అవి అక్కరలేదు కనుక చదువు రాని వారికి కూడా నిస్సంకోచంగా చూపించవచ్చు.

ప్రదర్శన ఏర్పాటు చేసేవారికి రెండు సూచనలు. గంటా నలభై నిమిషాల చిత్రాన్ని మొత్తం వేయకండి. ‘కాఫే ముల్లర్’ ఆలింగన ఘట్టాన్ని ముందు వేసి, మాట్లాడుకుని, ఆపైన మట్టిలోని ఎర్రగుడ్డ భాగాన్ని వేయండి. ‘వసంతారాధన’లో గౌన్లు పలచనివి, చెమటకూ మట్టికీ ఒంటికి అంటుకుపోతాయి, ఇబ్బందిపడే సభ అయితే ముందే చెప్పడం మేలు. సభలో ఇలాంటి అనుభవాల నుంచి బయటపడినవారు ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి తలుపు దగ్గర దీపం ఆర్పకుండా ఉంచి, మధ్యలో లేచి వెళ్లేవారిని ఎందుకని అడగకుండా చూసుకోవాలి. సంస్థల గ్రంథాలయాలకు ఈ డిస్క్ కొనదగినదే. ఇంట్లో ఒకసారి చూసి పక్కన పెట్టేవారు అంత ఖర్చు పెట్టనక్కరలేదు, ఎక్కడైనా అద్దెకు దొరికితే చాలు.